పథ్యం తర్వాత, పరీక్ష ముందు

యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం, మాదాపూర్, హైదరాబాద్



సుబ్బారావుగారి పేరిట సభ అంటే ఆయన కనిపెట్టిన మందుల పట్టిక చదవడం ఆనవాయితీ. ఆ పట్టిక మీ అందరికీ తెలిసిందే కనుక ఈ పూటకు దాన్ని పక్కన పెడతాను. ఈ రోజు నాకు కావలసింది శాస్త్రవేత్త సుబ్బారావు కాదు, రోగి సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఆ మనిషి చదువుకునే రోజుల్లోనే ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నాడు. పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో పోయారు. ఇద్దరినీ తీసుకుపోయింది ట్రాపికల్ స్ప్రూ. మన వైద్యులు గ్రహణి అని చెప్పుకునే జబ్బుల కోవలోది. తిన్నది ఒంటికి పట్టదు, నాలుక పూస్తుంది, జిడ్డుగా విరేచనాలవుతాయి, రక్తం తగ్గిపోయి మనిషి పుల్లలా అయిపోతాడు. తర్వాత అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరడానికి వెనక ఈ చావులు, ఈ కడుపుజబ్బు ఉన్నాయి.

కథ అక్కడితో ఆగలేదు. 1940లో ఆయన లెడర్లీ కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టామ్ స్పైస్ అనే అమెరికన్ వైద్యుడు ఆ మందును క్యూబా, ప్యూర్టోరికోల్లోని స్ప్రూ రోగులకిచ్చి చూశాడు. మంచం పట్టినవాళ్ళు లేచి కూర్చున్నారు. 1948లో అదే లెడర్లీ నుంచి, డగ్గర్ అనే శాస్త్రవేత్త చేతుల మీదుగా, ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. ఇప్పటికీ ట్రాపికల్ స్ప్రూ అని తేలితే మా డాక్టర్లం రాసేది ఈ రెండే: ఫోలిక్ యాసిడ్, కొన్ని నెలల పాటు టెట్రాసైక్లిన్. తన సోదరులను చంపిన జబ్బుకు రెండు మందులూ తాను నడిపిన పరిశోధనశాలలోనే పుట్టాయి. ఆరియోమైసిన్ వచ్చిన ఏడాదే, ఆగస్టు 8న, ఆయన పోయారు.

ఈ ముచ్చట ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. ట్రాపికల్ స్ప్రూకు ఒక కవల ఉంది. దాని పేరు సీలియాక్ జబ్బు. చిన్నపేగు లోపలి గోడ తువ్వాలు మీది నూలుపోగుల్లా నిలబడ్డ సన్నని మొలకలతో నిండి ఉంటుంది. మనం తిన్న అన్నం ఒంటికి పట్టేది ఆ మొలకల వల్లనే. రెండు జబ్బుల్లోనూ అవి అరిగి చదునవుతాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే ఏది ఏదో చెప్పడం నిపుణులకూ కష్టమే. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. సీలియాక్ రోగికి ఎంత ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా జబ్బు పోదు, గోధుమ మానాలి. ట్రాపికల్ స్ప్రూ రోగి గోధుమ మానేసి కూర్చుంటే రోజు రోజుకీ చిక్కిపోతాడు. రెండింటినీ విడదీసేది రక్తపరీక్ష.

ఇక మన పేటలోకి వద్దాం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఇక్కడ బండరాళ్ళు, పొదలు. ఇప్పుడు మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఏ అంతస్తులో చూసినా ఓ క్యాంటీన్. కడుపు బాధతో నా దగ్గరికి వచ్చే ఐటీ ఉద్యోగుల్లో చాలామంది మొదటి వాక్యం ఒకటే: “డాక్టర్ గారూ, నాకు గ్లూటెన్ పడదు, మానేశాను.” ఎవరు చెప్పారంటే వీడియోలో చూశానంటారు, జిమ్ ట్రైనర్ చెప్పాడంటారు. మానేశాక ఎలా ఉందంటే, “కొంచెం నయం, కానీ నొప్పి పోలేదు.” అక్కడే చిక్కొచ్చి పడుతుంది. గోధుమ మానేసిన మనిషికి సీలియాక్ పరీక్ష చేస్తే, జబ్బు ఉన్నా లేనట్టే కనబడవచ్చు. రక్తంలో వెతికే ప్రతిరక్షకాలు గోధుమ లోపలికి వెళుతున్నంత కాలమే నిలబడతాయి. నెలల తరబడి మానేస్తే అవి తగ్గుతాయి, పేగు మొలకలు మళ్ళీ లేస్తాయి. ఉన్న ఆధారం కాస్తా చెరిగిపోతుంది.

తమాషా ఏమిటంటే, గోధుమను మన ఇళ్ళలోకి తెచ్చింది కూడా డాక్టరు మాటే. షుగర్ బయటపడ్డ రోజునుంచి రాత్రిపూట అన్నం మాని రెండు పుల్కాలు తినడం తెలుగింటి పథ్యం. తండ్రి మందులా తిన్న పుల్కాను కొడుకు విషంలా చూస్తున్నాడు. కొడుకు పరీక్ష చేయించుకుని ఆ నిర్ణయానికి రాలేదు.

గోధుమకూ సీలియాక్ జబ్బుకూ ఉన్న లంకెను పట్టుకున్నవాడు డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికే. 1888లోనే లండన్ వైద్యుడు శామ్యూల్ గీ ఈ జబ్బును చక్కగా వర్ణించి, నయమయ్యేదేదైనా ఉంటే అది తిండి ద్వారానే అన్నాడు. ఏ తిండో ఆయనకు తెలియలేదు. 1944–45 శీతాకాలంలో జర్మన్ల దిగ్బంధంతో హాలెండ్‌లో రొట్టె దొరక్కుండా పోయింది. ఊరంతా ఆకలితో ఉంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కుదుటపడ్డారు. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగి వచ్చింది. డికేకు అంతకు ముందునుంచే గోధుమ మీద అనుమానం ఉంది. 1950లో తన సిద్ధాంత గ్రంథంలో దాన్ని రుజువులతో రాశాడు. 1997లో డీటరిక్ అనే పరిశోధకురాలు, ఆమె జర్మన్ సహచరులు రోగి ఒంట్లోని రక్షణ వ్యవస్థ దేని మీదికి లేస్తున్నదో కనుక్కున్నారు: టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైము. ఈ రోజు మీ ల్యాబ్ రిపోర్టులో కనబడే టీటీజీ అదే.

గోధుమ, బార్లీ, రై మూడింటిలోనూ ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ సరిగ్గా అరగని ముక్కలుగా పేగులో మిగులుతుంది. హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువుల్లో ఏదో ఒకటి ఉన్నవాళ్ళలోనే ఆ ముక్కలు గొడవకు దిగుతాయి. జనంలో మూడోవంతుకు అటూ ఇటూగా ఈ జన్యువులుంటాయి, వాళ్ళలోనూ ఎక్కువమందికి జబ్బు రాదు. కాబట్టి జన్యుపరీక్ష జబ్బు లేదని చెప్పడానికి పనికొస్తుంది. ఉందని చెప్పడానికి పనికిరాదు.

ఇప్పుడు హైటెక్ సిటీకి సూటిగా సంబంధించిన ఒక లెక్క. 2016లో వేలూరు నుంచి వచ్చిన బి.ఎస్. రామకృష్ణ, ఢిల్లీ ఎయిమ్స్ గోవింద్ మఖారియా, వారి సహచరులు మన దేశంలో 23,331 మంది పెద్దవాళ్ళను పరీక్షించి ఒక అధ్యయనం ప్రచురించారు. సీలియాక్ ఉత్తరాదిన 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిన 0.10 శాతం. అంటే మన వైపు వెయ్యిమందిలో ఒకరు, అటు వైపు దరిదాపు పన్నెండుమంది. జన్యువుల్లో తేడా ఉందా అంటే, ఆ జన్యువులు మూడు చోట్లా దాదాపు ఒకేలా ఉన్నాయి. తేడా పళ్ళెంలో ఉంది. ఉత్తరాది మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే దక్షిణాది మనిషి 25 గ్రాములు తింటున్నాడు. ఈశాన్యంవాళ్ళు 37 గ్రాములే తింటున్నా వాళ్ళకెందుకు ఎక్కువ అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. గోధుమ ఒక్కటే కథ మొత్తం చెప్పదు.

ఈ పేటలో ఒకే బల్ల దగ్గర కూర్చుని అదే పరాఠా తినేవాళ్ళలో ఒకరు హిసార్ నుంచి, ఒకరు నల్గొండ నుంచి వచ్చి ఉంటారు. ఇద్దరికీ అదే పొట్టనొప్పి. జబ్బు ఉండే అవకాశం మాత్రం ఒకటి కాదు. డేటా సైన్స్ చేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక బేయస్ లెక్క ఒకటి వేద్దాం. రక్తపరీక్ష జబ్బు ఉన్నవాళ్ళలో 95 శాతాన్ని పట్టుకుంటుందనీ, లేనివాళ్ళలో 95 శాతాన్ని సరిగా వదిలేస్తుందనీ లెక్క కోసం అనుకోండి. లక్షమంది దక్షిణాది మనుషుల్లో జబ్బున్నవాళ్ళు 100. వాళ్ళలో 95 మంది దొరుకుతారు. జబ్బు లేని 99,900 మందిలో ఐదు శాతం, అంటే 4,995 మంది కూడా అనవసరంగా దొరుకుతారు. పాజిటివ్ అని కాగితం చేతబట్టుకున్న వందమందిలో నిజమైన రోగులు ఇద్దరు కూడా ఉండరు. ఉత్తరాదిన అదే పరీక్షతో వందకు పంతొమ్మిది మంది ఉంటారు. పరీక్షలో తప్పేమీ లేదు. ఎవరికి చేశామన్నదే తేడా.

అందువల్ల లక్షణాలేవీ చూడకుండా, హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపేసి అందరికీ చేయించడం నాకు ఇష్టం లేదు. అనుమానించదగిన మనిషిని ఎంచి చేస్తే అదే పరీక్ష బంగారం. అనుమానం రేకెత్తించేవి ఇవి: ఐరన్ మాత్రలు మింగినా ఎక్కని హీమోగ్లోబిన్, కారణం తెలియకుండా తగ్గే బరువు, నెలలు గడిచినా ఆగని విరేచనాలు, ఎదగని పిల్లవాడు, టైప్ 1 మధుమేహం, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బు, తోబుట్టువుల్లో ఇదివరకే సీలియాక్ తేలిన ఇల్లు. రోగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రులు, పిల్లల్లో వందకు ఏడెనిమిది మందికి ఇది ఉంటుంది. పొట్టలో చిన్న నొప్పి కూడా లేకుండా ఒట్టి రక్తహీనతతో బయటపడేవాళ్ళు తక్కువేమీ కాదు. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత మామూలో మీకు చెప్పనక్కరలేదు, అందుకే వెనక ఉన్న జబ్బు కనబడకుండా పోతుంది.

పరీక్ష వరస ఇలా ఉంటుంది. గోధుమ మామూలుగా తింటూనే టీటీజీ ఐజీఏ, దాంతోపాటు మొత్తం ఐజీఏ చూడాలి. సీలియాక్ రోగుల్లో వందకు ఇద్దరు ముగ్గురికి పుట్టుకతోనే ఐజీఏ అనే ప్రతిరక్షకం ఉండదు. మొత్తం ఐజీఏ చూడకపోతే వాళ్ళ పరీక్ష అబద్ధంగా నెగటివ్ వస్తుంది. పాజిటివ్ వస్తే, ముఖ్యంగా అంకె అంతంత మాత్రంగా ఉంటే, పెద్దవాళ్ళకు ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్కలు తీయాలి. నాలుగుకు తగ్గకూడదు, డుయోడినం మొదట్లోని బల్బు నుంచి ఒకటి రెండు అదనం. జబ్బు మచ్చలు మచ్చలుగా ఉంటుంది, ఒక్క ముక్క తీస్తే తప్పిపోవచ్చు. పిల్లల్లో అంకె పరిమితికి పదింతలు దాటి, రెండో పరీక్ష కూడా కలిస్తే ఎండోస్కోపీ లేకుండా నిర్ధారించవచ్చని 2020 నాటి యూరప్ మార్గదర్శకాలు అంటున్నాయి.

ఇప్పటికే గోధుమ మానేసినవాళ్ళ సంగతి? రోజులో ఒకటికి మించిన పూటల్లో గోధుమ తింటూ కనీసం ఆరు వారాలు గడిచాక పరీక్ష చేయమని బ్రిటన్ మార్గదర్శకం. మానేశాక నయంగా ఉన్నవాళ్ళకు ఇది శిక్షలాగే ఉంటుంది. అయినా జీవితాంతం పథ్యం చేయాలా వద్దా అన్నది తేలేది దీనితోనే.

ముక్కల్లో మొలకలు చదునుగా ఉండి, రక్తపరీక్ష నెగటివ్ వస్తే మన ప్రాంతపు డాక్టరు మళ్ళీ సుబ్బారావుగారిని తలుచుకోవాలి. దక్షిణాదిలో ట్రాపికల్ స్ప్రూ గాలివానలా ఊళ్ళ మీద పడ్డ కాలాన్ని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బేకర్, మాథన్ లాంటివాళ్ళు దశాబ్దాలపాటు చదివారు. జియార్డియా అనే పరాన్నజీవి ఉందేమో చూడాలి, పేగు టీబీ చూడాలి. బీపీకి ఓల్మెసార్టాన్ వేసుకుంటున్నారా అని అడగాలి. ఆ మందు కొందరిలో అచ్చం ఇలాగే పేగును పాడు చేస్తుందని 2012లో మేయో క్లినిక్ వైద్యులు 22 మంది రోగులతో చూపించారు. మందు మారిస్తే తగ్గిపోయే జబ్బుకు జన్మంతా గోధుమ మానిపించడం అన్యాయం.

సీలియాక్ కాదని తేలితే నొప్పి అబద్ధమా? కాదు. ఈ పేటలో నేను చూసే కడుపునొప్పుల్లో ఎక్కువ భాగం పేగు సున్నితమైపోయిన ఐబీఎస్, ఎసిడిటీ, పాలు అరగకపోవడం. పెద్దయ్యాక పాల చక్కెరను అరిగించే లాక్టేజ్ చాలామంది భారతీయుల్లో తగ్గిపోతుందని 1970ల తొలినాళ్ళలోనే మన తార్నాక జాతీయ పోషకాహార సంస్థ నుంచి వినోదిని రెడ్డిగారు రాశారు. రోజుకు నాలుగైదు కప్పుల పాల టీ తాగుతూ నెపం బిస్కెట్ మీద వేసేవాళ్ళు ఎందరో. ఇంకొందరికి గోధుమలోని ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం గ్యాస్ పుట్టిస్తుంది. 2018లో ఓస్లో పరిశోధకులు గ్లూటెన్ పడదనుకున్నవాళ్ళకు ఏది తింటున్నారో తెలియకుండా గ్లూటెన్, ఫ్రక్టాన్ వేరువేరుగా ఇచ్చి చూస్తే, బాధ పెట్టింది ఫ్రక్టాన్. అది ఉల్లిపాయలో, వెల్లుల్లిలో కూడా దండిగా ఉంది. చపాతీ మానేసి ఉల్లిపాయ పులుసు పోసుకుని తింటే నొప్పి ఎందుకు పోతుంది?

సీలియాక్ అని తేలినవాళ్ళకు మాత్రం పథ్యం చిన్న విషయం కాదు. మన వంటింట్లో గోధుమ ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూడండి. ఉప్మా రవ్వ, సేమ్యా, మైసూర్ బజ్జీలో మైదా అందరికీ తెలుసు. ఉస్మానియా బిస్కెట్, డబుల్ కా మీఠా సరే. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన హలీం నిండా గోధుమ. బిర్యానీ అన్నమే, అది కొంత ఊరట, కానీ దమ్ కోసం గిన్నె మూతకు గోధుమపిండి ముద్ద పెట్టారేమో అడిగి తినాలి. చైనీస్ బండి మీద సోయా సాస్‌లో గోధుమ, బీరులో బార్లీ, పిల్లలకు కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ. అన్నిటికన్నా దొంగ ఇంగువ. బజారులో దొరికే డబ్బా ఇంగువలో చాలా వాటిలో మైదా కలుస్తుంది. పప్పులో, పులిహోరలో, సాంబారులో తాలింపు వేసిన ప్రతిసారీ చిటికెడు పడుతుంది. జొన్నరొట్టె మంచిదే, కానీ అదే గిర్నీలో మీకన్నా ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటే మీ జొన్నపిండిలోకి అదీ వస్తుంది. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం ప్రకారం గ్లూటెన్ లేనిది అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. గిర్నీకి ఆ నియమం తెలియదు.

జొన్న మాట వచ్చింది కనుక ఒక్క ముక్క. 1960లో పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా ఈ ఊళ్ళోనే జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా అనే పోషకలోపపు జబ్బు గురించి రాశారు. ఏ గింజా దేవుడు కాదు, ఏ గింజా దయ్యం కాదు.

పథ్యం పేరుతో వేసే వేషాలకూ ఖర్చుంది: అసలు జబ్బు మీదికి చూపు పోదు. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కలిసి మన నగర ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉందని తేలింది. ఆ కాలేయం నొప్పి పుట్టించదు కనుక దాని గురించి ఎవరూ వీడియో చేయరు. గ్లూటెన్ లేదని రాసిన కుకీలో చక్కెర, నూనె తగ్గవు. కాలేయానికి కావలసింది రాత్రి పదకొండింటికి యాప్‌లో తెప్పించుకునే భోజనం మానడం, నడవడం.

ఇక కంపెనీల హెచ్ఆర్ వాళ్ళకు నా మనవి. మీ వార్షిక చెకప్‌లలో కొన్ని చోట్ల వందో రెండొందలో తిండి పదార్థాలకు ఐజీజీ పరీక్ష అని పెడుతున్నారు. ఆ ప్రతిరక్షకాలు మనం ఏం తింటున్నామో చెబుతాయి, ఏది పడదో చెప్పవు. రోజూ తినే పదార్థానికే ఎక్కువ రావడం సహజం. అమెరికా, కెనడా అలర్జీ వైద్యుల సంఘాలు దాన్ని వాడవద్దని చెప్పి ఏళ్ళయింది. ఆ డబ్బుతో మీ ఆడ ఉద్యోగులందరికీ హీమోగ్లోబిన్, ఫెరిటిన్ చూపించండి. తక్కువ ఉండి మందు వేసినా ఎక్కనివాళ్ళకు టీటీజీ చేయించండి. క్యాంటీన్‌లో ప్రతి గిన్నె ముందు గోధుమ, బార్లీ ఉన్నదీ లేనిదీ రాయించండి, ఇంగువతో సహా.

మిగతావాళ్ళకు ఒకే మాట. నిద్రలోంచి లేపే నొప్పి, మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, మింగలేకపోవడం, నలభై ఐదు దాటాక కొత్తగా మొదలైన కడుపుబాధ ఉంటే ఈ వారమే డాక్టరును చూడండి. అవేవీ లేకపోయినా గోధుమ మీద అనుమానం ఉండి, ఇంకా మానేయకపోతే, రేపు పొద్దున చపాతీ తినే వెళ్ళి రక్తం ఇచ్చి రండి. పథ్యం సంగతి రిపోర్టు వచ్చాక మాట్లాడుకుందాం.